జీడితోట పూత మీదే అమ్మెయ్యాలా, మనమే ఏరుకోవాలా?

పర్లాకిమిడి_కోడలు · ఫిబ్రవరి 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు, తప్పులుంటే క్షమించండి.

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి కొండవైపు వెళ్తే వస్తుంది. నాలుగెకరాల జీడితోట. మూడెకరాల్లో మావయ్య పిక్క (జీడిగింజ) పాతి పెంచిన పాత చెట్లు, ఇంకో ఎకరంలో అంటుమొక్కలు, బీపీపీ-8 రకం. పాత చెట్లలో సగం 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వేళ్లతో సహా పడిపోయాయి, పడినచోట ఖాళీగానే వదిలేశాం. ఇప్పుడు పాతవి 90, అంట్లు 60 ఉన్నాయి. మా ఆయన సూరత్‌లో మగ్గాల మీద ఉంటారు. మావయ్యకి మోకాళ్లు పనిచెయ్యవు. ఇంట్లో నేనూ, అత్తా, ఐదో తరగతి చదివే మా గుంట.

నిన్న ఒక వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి, చెట్టు కింద నిలబడి కొమ్మలు లెక్కపెట్టినట్టు చేసి, పూత మీద మొత్తం తోట 35,000కి ఇచ్చెయ్యండి, సగం ఇప్పుడే ఇస్తాను, కాపలా నాది, ఏరుకోవడం నాది, మే నెలాఖరుకి తోట మీది అన్నాడు. అత్త ఇచ్చెయ్యమంటోంది. నాకు మనసొప్పడం లేదు. కానీ మేమిద్దరం ఆడవాళ్లం, ఏరే రోజులు రెండున్నర నెలలు, ఈ పని మా వల్ల అవుతుందా అని భయం కూడా ఉంది.

ఇంకోటి. గెడ్డ (వాగు) వైపు ఉన్న చెట్లలో పూగుత్తులు చివర నుంచి నల్లగా మాడినట్టు అవుతున్నాయి. మావయ్య మంచు వల్ల అంటున్నారు. వ్యాపారి కూడా అదే చూపించి రేటు తగ్గించాడు. ఇది మంచేనా?

మందస_మావ · ఫిబ్రవరి 5, ఉదయం 5:55

అమ్మా, ముందు రెండోదానికి జవాబు చెప్తాను, అది తేలితే మొదటిదానికి జవాబు దానంతటదే వస్తుంది.

మంచుకి పూత రాలుతుంది, వడిలిపోతుంది, కానీ కాడ మీద మచ్చలు పడవు. నువ్వు రేపు పొద్దున్న ఆరు, ఏడు గంటల మధ్య ఆ గెడ్డ చెట్ల దగ్గరికి వెళ్లి లేత చిగురు, పూగుత్తి కాడా పట్టుకు చూడు. కాడ మీద చిన్న చిన్న గోధుమరంగు మచ్చలుండి, వాటి దగ్గర బంక చుక్కలా కారి గట్టిపడి ఉంటే అది టీ దోమ పని. పేరు దోమే గానీ అది దోమ కాదు, నల్లి జాతి. ఎర్రటి నలుపు ఒళ్లు, సన్నటి పొడుగు కాళ్లు, వీపు మీద గుండుసూది గుచ్చి వదిలేసినట్టు చిన్న ముల్లు నిలబడి ఉంటుంది. ఆ గుండుసూది కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. ఎండెక్కాక ఆకుల చాటుకి పోతాయి, తొమ్మిదింటికి వెళ్లి ఏమీ లేవనుకోకు.

ఇక అమ్మడం సంగతి. నేను మూడుసార్లు పూత మీద ఇచ్చాను, మూడుసార్లూ ఏడ్చాను. ఒకసారి రేటు పెరిగి ఏడ్చాను, రెండోసారి కొమ్మలు విరిచి పోయాడని ఏడ్చాను. మూడోసారి సగం డబ్బే చేతికొచ్చింది, మిగతా సగం కోసం తిరిగి అరిగిన చెప్పులకే అది చెల్లిపోయింది.

గిరిసోలా_బండి · ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 1:20

మావా ఎప్పుడూ వ్యాపారినే తిడతావు. నేనూ రెండేళ్లు తోటలు పూత మీద కొన్నవాణ్ణే. చికిటి వైపు ఒక తోట పట్టాను, పూత చూస్తే కళ్లు తిరిగాయి, ఏప్రిల్ మొదటివారంలో సాయంత్రం నాలుగింటికి ఈదురుగాలి, వడగళ్లు, పావుగంట. తర్వాత చెట్టు మీద ఏమీ లేదు, నేల మీద పచ్చి పిక్కలు చాప పరిచినట్టు. రైతుకి ఇచ్చిన అడ్వాన్సు అడుగుతామా? అడిగితే కాళ్లు విరగ్గొడతారు. అప్పట్నుంచి లారీయే నాకు మేలు.

35,000 తక్కువా కాదు ఎక్కువా కాదు అమ్మా. చెట్టుకి ఎన్ని కేజీలొస్తాయో నీకు తెలిస్తే నువ్వే లెక్కెయ్యగలవు. కిందటేడు ఎంతొచ్చింది?

పర్లాకిమిడి_కోడలు · ఫిబ్రవరి 5, రాత్రి 8:15

కిందటేడు కూడా పూత మీదే ఇచ్చాం. ఎంతొచ్చిందో మాకు తెలీదు. అడిగితే అతను ఏం రాలేదమ్మా నష్టమే అన్నాడు, మళ్లీ ఈ ఏడు అతనే ముందుగా వచ్చాడు.

మందస_మావ · ఫిబ్రవరి 5, రాత్రి 8:31

నష్టమొచ్చిన తోటకి మళ్లీ ముందుగా వచ్చాడంటే చాలా మంచివాడన్నమాట.

రాయగడ_మాస్టారు · ఫిబ్రవరి 6, ఉదయం 7:10

నేను రిటైరైన స్కూల్ మాస్టర్ని, గుణుపురం దగ్గర రెండెకరాల్లో మామిడీ జీడీ కలిపి ఉన్నాయి. నాబార్డు వారి ‘వాడి’ అనే పండ్లతోటల పథకంలో మా చుట్టుపక్కల సవర, కొంధ కుటుంబాలు ఇలాగే రెండూ కలిపి వేసుకున్నాయి, వాళ్లని చూసి నేనూ వేశాను, మామూలుగా మాస్టార్ని చూసి పిల్లలు నేర్చుకుంటారు, ఇక్కడ తిరగబడింది.

టీ దోమకి మందు మూడు దశల్లో కొట్టాలని చెప్తారు. కొత్త చిగురు వచ్చేటప్పుడు ఒకటి, పూత వచ్చేటప్పుడు రెండోది, పిందె కట్టాక మూడోది. మీది మొదటిది పోయింది. ఇప్పుడు లామ్డా సైహలోత్రిన్ 5 శాతం మందు లీటరు నీటికి 0.6 మి.లీ. చొప్పున కొట్టండి, అంటే 15 లీటర్ల ట్యాంకుకి 9 మి.లీ. కొట్లో అబ్బాయి పక్కింటి డబ్బా కూడా కలపమంటాడు, వినకండి. పూతలో తేనెటీగలుంటాయి కాబట్టి పొద్దున్న పది గంటలకి మాత్రం కొట్టొద్దు, సాయంత్రం అవి గూటికి పోయాక కొట్టండి. పక్క తోటవాళ్లూ అదే వారంలో కొడితే మంచిది, లేకపోతే అవి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు షికారు చేస్తాయి.

ఇంకో మాట, ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలున్న చెట్లు ఒకసారి చూడండి. ఆ చెట్ల మీద టీ దోమ పెద్దగా ఉండదు. మా తోటలో మూడు చెట్లకి మందే కొట్టను, చీమలే కాపలా. కూలీలు కుడుతున్నాయని గూళ్లు కాల్చేస్తారు, కాల్చనివ్వకండి. కాకపోతే సవర ఆడవాళ్లు వచ్చి ఆ గూళ్లు దులిపి పచ్చడికి తీసుకెళ్తారు, వాళ్లని వద్దనడానికి నాకు నోరు రాదు. మయూర్‌భంజ్ చీమల పచ్చడికి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చిందిగా, ఇక అసలు ఏమీ అనలేం.

పర్లాకిమిడి_కోడలు · ఫిబ్రవరి 7, ఉదయం 8:05

మావయ్యగారూ (మందస), గుండుసూది కనిపించింది!!

ఆరున్నరకి వెళ్లాను. గెడ్డ పక్కన రెండో చెట్టు, నా ఎత్తులో ఉన్న కొమ్మ. చిగురు మీద ముందు ఏమీ కనిపించలేదు, ఆకు తిప్పితే కాడకి అవతలి వైపు నిలబడి ఉంది, నేను ఇటు తిరిగితే అది అటు తిరిగింది, చెట్టు చుట్టూ దాగుడుమూతలాడే పిల్లలా. ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీశాను. మీరు చెప్పినట్టే వీపు మీద ముల్లు, ముల్లు చివర చిన్న గుండు. కాడ మీద బంక చుక్కలు ఎండి తేనెరంగులో ఉన్నాయి. ఒక్క పూగుత్తి మీద పదకొండు మచ్చలు లెక్కపెట్టాను.

మావయ్యకి చూపించాను. ముప్పై ఏళ్లుగా మంచనే అనుకున్నానే అని చాలాసేపు మాట్లాడలేదు.

మాస్టారూ, అంట్ల ఎకరంలో ఎర్రచీమల చెట్లు నాలుగున్నాయి. మీరన్నది నిజం, వాటి పూత తెల్లగా ఉంది. దగ్గరికి వెళ్లి చూసినందుకు మెడ మీద రెండు కుట్టాయి.

ఎలుగొచ్చింది · ఫిబ్రవరి 7, ఉదయం 10:44

నా పేరు చూసి నవ్వకండి, వజ్రపుకొత్తూరులో ఉండేవాడికి ఈ పేరు తప్ప ఇంకేం వస్తుంది.

మందు సరే, ఇప్పుడే చెట్ల కింద తుప్పలు కొట్టించి, ఆకు చిమ్మించి ఉంచుకో అక్కా. మార్చిలో పిక్క రాలాక ఆకుల కింద వెతుక్కోవడమంటే సూది వెతుక్కోవడమే, సగం పందికొక్కులకి. రెండోది, తుప్పలుంటే ఎలుగుబంట్లు పగలు అందులోనే పడుకుంటాయి. జీడిపండు వాసన వాటికి ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. మా వైపు మార్చి నుంచి జూన్ దాకా తోటకి ఒంటరిగా ఎవరూ వెళ్లరు, జీడి అయ్యాక పనసపండు ఉంటుంది కదా, దానికోసం ఊళ్లోకే వస్తాయి. మీ కొండవైపు కూడా ఉంటాయి.

సూరత్_మగ్గం · ఫిబ్రవరి 8, రాత్రి 11:50

నా అభిప్రాయం అమ్మెయ్యడమే మంచిది. మా ఇంట్లోనూ ఇదే గొడవ నడుస్తోంది. దూరంలో ఉన్నవాడికి తెలుసు, ఇంటి దగ్గర ఆడవాళ్లు ఆ ఎండలో కష్టపడి చివరికి మిగిలేది ఏమీ ఉండదు. వ్యాపారి డబ్బు చేతిలో పడితే నిశ్చింత. మాది కూడా నాలుగెకరాలే, తిత్లీకి సగం పోయింది, నాన్నకి మోకాళ్లు

ఆగండి

సూరత్_మగ్గం · ఫిబ్రవరి 8, రాత్రి 11:52

ఇది మా తోటే కదా

గిరిసోలా_బండి · ఫిబ్రవరి 9, ఉదయం 6:02

😂😂😂 పొద్దున్నే లారీ పక్కకి ఆపి మరీ నవ్వాను.

పర్లాకిమిడి_కోడలు · ఫిబ్రవరి 9, ఉదయం 6:30

అవును మనదే. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానంటారు, ఇక్కడ మాత్రం అర్ధరాత్రి సలహాలు. అమ్మట్లేదని నిన్న సాయంత్రమే వ్యాపారికి చెప్పేశాను. మందు కొట్టడానికి పవర్ స్ప్రేయర్ అద్దెకి మాట్లాడాను. రెండువేలు పంపించండి.

సూరత్_మగ్గం · ఫిబ్రవరి 9, ఉదయం 6:41

సరే.

పిక్కల_కొట్టు · ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3:15

కాశీబుగ్గ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పిక్క కొట్టాను, ఇప్పుడు మేమే ఇంటి దగ్గర చిన్న మిషన్ పెట్టుకున్నాం. ఇటువైపు నుంచి రెండు మాటలు చెప్తాను, ఎందుకంటే రైతులు పిక్క ఎలా తెస్తారో దాన్ని బట్టే రేటు, ఆ సంగతి ఎవరూ చెప్పరు.

80 కేజీల బస్తా అంటే మాకు కావలసింది అందులో పప్పు ఎంత వస్తుందన్నది. మంచి పిక్కయితే 21, 22 కేజీలు వస్తుంది. కొనేవాడు గుప్పెడు పిక్కలు తీసి నిలువుగా కోసి చూస్తాడు. పప్పు నిండుగా తెల్లగా ఉందా, ముడుచుకుపోయిందా, నల్లమచ్చ ఉందా. టీ దోమ పొడిచిన పిక్క పైన చూస్తే బాగానే ఉంటుంది, లోపల పప్పు మీద మచ్చ. అది గుండుగా అమ్ముడుపోదు, ముక్కల్లోకి పోతుంది. గుండులో కూడా డబ్ల్యూ180, డబ్ల్యూ240, డబ్ల్యూ320 అని అంకెలుంటాయి, పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయో ఆ లెక్క, అంకె ఎంత తక్కువైతే గింజ అంత పెద్దది.

కాబట్టి అమ్మా, చెట్టు మీంచి కోయించకు. దొంగలెత్తుకుపోతారన్న భయంతో చాలామంది పండు పచ్చగా ఉండగానే దులిపేస్తారు. పండు పండి దానంతటది రాలాలి. రాలింది ఏ రోజుది ఆ రోజు ఏరాలి. ఏరాక రెండు మూడు రోజులు ఎండలో పల్చగా ఆరబెట్టి, మధ్యాహ్నం ఒకసారి కలియబెట్టాలి. చెవి దగ్గర ఆడిస్తే లోపల గలగలమనాలి. తడి మీద గోనెలో కట్టేస్తే వారంలో బూజు. ప్లాస్టిక్ సంచి అసలొద్దు.

చేతుల సంగతి కూడా. పచ్చిపిక్క మెలితిప్పి తీసేటప్పుడు కారే జీడి చర్మం కాల్చేస్తుంది. నా వేళ్లకి గీతలు లేవు, ఆధార్ మిషన్ నా వేలిముద్ర తీసుకోదు. ఆముదం రాసుకుని బూడిద అద్దుకుని పనిచేసేవాళ్లం. మీరు గ్లౌజులు వేసుకోండి, మీ గుంటకి కూడా.

రాయగడ_మాస్టారు · ఫిబ్రవరి 12, రాత్రి 9:00

ఈ ఒక్క పోస్టులో ఉన్నది నాకు పదేళ్లుగా ఎవరూ చెప్పలేదు. నేను ప్రతి ఏడూ ప్లాస్టిక్ సంచుల్లోనే పెడుతున్నాను.

జైపూర్_శీను · ఫిబ్రవరి 20, సాయంత్రం 5:30

మధ్యలో దూరుతున్నాను. కొరాపుట్ వైపు జీడి వేద్దామనుకుంటున్నాను, పిక్క పాతడమా, అంట్లా?

మందస_మావ · ఫిబ్రవరి 20, రాత్రి 7:12

అంట్లు. పిక్క పాతితే తల్లిలా బిడ్డ వస్తుందన్న నమ్మకం లేదు. ఒకటి బుట్టెడు కాస్తుంది, పక్కది ఆకులు ఊపుకుంటూ నిలబడుతుంది. అంటు మూడో ఏట నుంచే కాపుకొస్తుంది. ఎనిమిది మీటర్ల ఎడం వదులు, దగ్గర దగ్గరగా వేస్తే కొమ్మలు కలిసి కాపు పైకెళ్లిపోతుంది. అంటు అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లు గిల్లేస్తూ ఉండు, లేకపోతే అంటు పోయి అడవి జాతి మిగులుతుంది. మిగతావి వేరే టాపిక్ పెట్టి అడుగు, ఇక్కడ మన కోడలి కథ నడుస్తోంది.

పర్లాకిమిడి_కోడలు · మార్చి 16, రాత్రి 9:55

చాలా రోజులైంది. మందు రెండుసార్లు కొట్టించాం, రెండోది పిందె దశలో. గెడ్డ చెట్ల మొదటి పూత పోయినట్టే, తర్వాత వచ్చిన పూత నిలబడింది. తుప్పలు కొట్టించి చిమ్మించాం, ఐదుగురు సవర ఆడవాళ్లు నాలుగు రోజులు. మాస్టారు ఒకసారి గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే ఉండి సవర భాష నేర్చుకున్నారని రాశారు, నేను ఇన్నేళ్లలో నేర్చింది పది మాటలు, అందులో సగం తిండి గురించే.

పది రోజులుగా ఏరుతున్నాం. నాకు తెలియని విషయం ఒకటి కళ్లారా చూశాను. ముందు పిక్క పెరుగుతుంది, పచ్చగా, పూర్తి సైజుకి. పండు అప్పటికి చిన్న బొడిపెలా ఉంటుంది. తర్వాత చివరి రెండు వారాల్లో పండు ఉబ్బిపోయి పిక్క వెనక్కి దాక్కున్నట్టు అవుతుంది. పెళ్లయి పన్నెండేళ్లయింది, తోట పక్కనే ఇల్లు, ఒక్కసారీ చూడలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో తోట ఎప్పుడూ వేరేవాళ్లదే.

ఐదున్నరకి లేచి టీ తాగి వెళ్తే తొమ్మిదింటికి వస్తాం. అత్త మొదటి వారం మాట్లాడలేదు. ఇప్పుడు నాకంటే ముందే బుట్ట పట్టుకుని బయల్దేరుతోంది, పాత చెట్లకి పేర్లున్నాయని ఆమె చెప్తేనే తెలిసింది. బావి చెట్టు, పాము చెట్టు, పెద్దాడి చెట్టు (మా ఆయన పుట్టిన ఏడు పాతింది). పెద్దాడి చెట్టు కాపు ఏమీ బాలేదు, ఆయన ఇది చదువుతారని రాస్తున్నాను.

మా గుంట గబ్బిలం పిక్కలు ఏరుతోంది. రాత్రి గబ్బిలాలు పండు ఎత్తుకెళ్లి రావిచెట్టు మీద కూర్చుని తిని పిక్క కింద పడేస్తాయి, పొద్దున్నకి ఆ రావిచెట్టు కింద రెండు గుప్పిళ్లు. అవి దానివే, విడిగా డబ్బాలో దాచుకుంటోంది. ఒక డ్రెస్సు మీద జీడిపండు రసం కార్చుకుంది. ఆ మరక పోవడానికి ఏమైనా ఉందా?

పిక్కల_కొట్టు · మార్చి 17, ఉదయం 7:30

లేదమ్మా. ఆ డ్రెస్సు ఇక తోటకే.

ఎలుగొచ్చింది · మార్చి 17, ఉదయం 9:12

ఐదున్నరకి వద్దు అక్కా. వెలుగొచ్చాకే వెళ్లండి.

పర్లాకిమిడి_కోడలు · మార్చి 17, రాత్రి 8:40

వెలుగొచ్చాక వెళ్తే మా కంటే ముందు వేరే బుట్టలు వెళ్తున్నాయి తమ్ముడూ. గట్టు వైపు రెండు చెట్ల కింద రోజూ పళ్లుంటున్నాయి, పిక్కలుండట్లేదు. ఏ ఎలుగూ పిక్క మెలితిప్పి తీసుకుని పండు చక్కగా వరసలో పెట్టి వెళ్లదు.

పర్లాకిమిడి_కోడలు · మార్చి 24, మధ్యాహ్నం 12:20

నేను ఆ రోజు వెటకారంగా రాశాను గానీ, మొన్న పొద్దున్న పాము చెట్టు దగ్గర పళ్లు నమిలి పిప్పి ఉమ్మేసి ఉంది, మట్టిలో అరచెయ్యి లాంటి గుర్తు, ముందు గోళ్ల గీతలు ఐదు. గుర్తు అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. ఇద్దరం బుట్టలు అక్కడే పడేసి వచ్చేశాం. అత్త దారంతా పళ్లెం గరిటెతో వాయిస్తూనే ఉంది (పళ్లెం ఎందుకు తెచ్చిందని ముందు నవ్వాను, టీ బిస్కెట్లకి అనుకున్నాను).

ఇప్పటి నుంచి ఆరున్నరకి, నలుగురం కలిసి, ఊరి కుక్క కూడా. గట్టు చెట్లవి దొంగలకే వదిలేశాం. ఎలుగు సంగతి వాళ్లకి కూడా చెప్పమని ఊళ్లో అందరి దగ్గరా చెప్పాను, ఆ రోజు నుంచి గట్టు చెట్ల కింద పిక్కలుంటున్నాయి.

గిరిసోలా_బండి · మార్చి 24, మధ్యాహ్నం 1:05

ఎలుగుకి నెలజీతం ఇచ్చి పెట్టుకోండమ్మా.

మందస_మావ · మార్చి 25, ఉదయం 6:00

నవ్వులాటకి బాగానే ఉంటుంది గానీ జాగ్రత్త. వజ్రపుకొత్తూరు మండలంలో 2022లో జీడితోటల్లో ఎలుగు మీదపడి ఒక మనిషి పోయాడు, కొందరు ఆసుపత్రిలో పడ్డారు. పిల్లతో ఉంటే అసలు ఆగదు. పరిగెత్తితే మనకంటే అదే ముందు. మాట్లాడుకుంటూ వెళ్లండి, చప్పుడు వింటే దానంతటది తప్పుకుంటుంది. పండిన పళ్లు చెట్టు కింద కుప్ప పెట్టి వదలకండి, దూరంగా గొయ్యి తీసి వెయ్యండి, లేదా పశువులకి.

రాయగడ_మాస్టారు · మార్చి 25, ఉదయం 8:20

పండు గురించి నా బాధ కూడా చెప్పనీయండి. ఒక్కో పిక్కకి దాని బరువుకి ఎన్నో రెట్లు పండు, అంతా నేలపాలు. గోవాలో దాంతో ఫెనీ అనే సారా చేసుకుంటారు, దానికి 2009లోనే జీఐ వచ్చింది. మన దగ్గర కొండ ఊళ్లలో కుండల్లో పులియబెట్టుకుంటారు, పోలీసులొస్తే కుండలు పగులుతాయి. మా ఆవిడ ముక్కలు కోసి ఉప్పునీళ్లలో నానబెట్టి కూర చేస్తుంది, గొంతు గరగర తగ్గుతుంది. ఒకసారి తినొచ్చు.

పర్లాకిమిడి_కోడలు · ఏప్రిల్ 5, రాత్రి 9:30

కూలీలు లేరు. చైత్రమాసం దండ నాచ మొదలైంది, ఊళ్లో మగపిల్లలు సగం మంది దండకి పోయారు, ఎండలో మట్టి మీద దొర్లే మొక్కు, మేరు రోజు దాకా, అంటే ఏప్రిల్ 14 పణా సంక్రాంతి దాకా తిరిగిరారు. వాళ్లని చూడ్డానికి మిగతావాళ్లు. పిక్క మాత్రం దేవుడి లెక్క చూడకుండా రాలుతోంది. నిన్న ఒక్కరోజే రెండు గోనెలు. సవర అక్కలు ఇద్దరే వస్తున్నారు, పూట కూలి పెంచాను.

రేటు గురించి అడగాలి. ఇంటికొచ్చి కొనేవాడు మార్చిలో బస్తా 9,600 అన్నాడు, ఇప్పుడు 9,000 అంటున్నాడు. పైగా 80కి 82 తూస్తున్నాడు, తేమకి తరుగట. ఎందుకు తగ్గింది అంటే ఆఫ్రికా పిక్క దిగింది అంటాడు. నిజమేనా, లేక పాటలా అందరికీ పాడతాడా?

పిక్కల_కొట్టు · ఏప్రిల్ 6, మధ్యాహ్నం 2:00

రెండూ నిజమే. ఐవరీ కోస్ట్, బెనిన్, ఘనా వైపు కూడా మనలాగే ఫిబ్రవరి నుంచి మే దాకా ఏరతారు. మన దేశంలో ఫ్యాక్టరీలకి కావలసినంత పిక్క మన దగ్గర లేదు కాబట్టి తెచ్చుకోక తప్పదు, దిగుమతి సుంకం 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. మాకది మంచిదే, మీకు కాదు, నేను దాచి చెప్పను. ఉద్దానంలో రైతులు బస్తాకి 16,000 ఇవ్వాలని ధర్నాలు కూడా చేశారు.

తరుగు మాత్రం ఎండిన పిక్కకి ఒప్పుకోకు. గుప్పెడు తీసి అతని ముందే గలగలలాడించు.

మందస_మావ · ఏప్రిల్ 6, సాయంత్రం 6:45

ఒక ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కో అమ్మా. నువ్వు ముందే తూచి గోనె మీద బొగ్గుతో అంకె వేసి ఉంచు. దాన్ని చూస్తే అతని కాటా దానంతటదే బాగుపడుతుంది.

పర్లాకిమిడి_కోడలు · ఏప్రిల్ 11, రాత్రి 10:10

కాటా పర్లాకిమిడిలో అడిగితే రేటు ఎక్కువ చెప్పారు, పక్కింటి కిరాణా వాళ్ల దగ్గర అరువు తెచ్చాను. 80.0 అని బొగ్గుతో రాశాను. అతను చూసి ఏమీ అనలేదు, 80కే తూచాడు. మూడు బస్తాలు 9,000 చొప్పున ఇచ్చాను. ఇంకో రెండు మరిది ఆటోలో పాతపట్నం మీదుగా కాశీబుగ్గ పట్టుకెళ్లాడు, అక్కడ కోసి చూసి 9,600 ఇచ్చారు. టీ దోమ మచ్చలు కొన్ని ఉన్నాయన్నారు, అవి గెడ్డ చెట్లవే అయ్యుంటాయి.

పర్లాకిమిడి_కోడలు · మే 3, సాయంత్రం 7:20

ఏరడం అయిపోయినట్టే, రోజుకి బుట్టెడు కూడా రావట్లేదు. మొత్తం లెక్క ఇక్కడ పెడుతున్నాను.

మొత్తం 6 బస్తాలు, పైన 20 కేజీలు. అమ్మింది ఐదు బస్తాలు, 46,200. ఖర్చులు: మందులు, స్ప్రేయర్, నీళ్ల ట్రాక్టరు కలిపి 5,200. తుప్పలు కొట్టి చిమ్మడానికి 4,500. ఏరిన కూలి 9,500. ఆటో 900. చేతిలో మిగిలింది 26,100. ఇంట్లో ఒక బస్తా ఉంది, ఇప్పుడు అమ్మితే 9,000. కలిపితే 35,100.

వ్యాపారి ఇస్తానన్నది 35,000.

ఆ 20 కేజీలు ఇంటికి. మా గుంట డబ్బాలో గబ్బిలం పిక్కలు 3 కేజీల 200 గ్రాములు, అది ఈ లెక్కలోకి రాదట.

గిరిసోలా_బండి · మే 3, రాత్రి 7:48

వంద రూపాయలు! నేను ముందే చెప్పాను, తక్కువా కాదు ఎక్కువా కాదు అని.

సూరత్_మగ్గం · మే 3, రాత్రి 11:58

నేను ఏమీ అనట్లేదు.

రాయగడ_మాస్టారు · మే 4, ఉదయం 7:00

మీ ఇద్దరి కూలి ఎక్కడమ్మా? దాదాపు రెండు నెలలు రెండు పూటలా చేశారు. అది వేస్తే లెక్క నష్టంలోకి పోతుంది.

మందస_మావ · మే 4, ఉదయం 7:25

మాస్టారూ, అలా లెక్కేస్తే ఏ రైతూ పొలానికి వెళ్లడు. పూత మీద ఇచ్చి ఉంటే వ్యాపారి మందు కొట్టేవాడా, చిమ్మేవాడా? వచ్చే ఏటి చెట్టు ఎవరిది? కోడలా, ఇప్పుడు ఏ చెట్టుకి ఎంతొచ్చిందో రాసుకున్నావా?

పర్లాకిమిడి_కోడలు · మే 4, ఉదయం 8:50

అంట్లవి చెట్టు చెట్టుకీ రాశాను, గుంట పాత నోట్‌బుక్‌లో. 60 చెట్లకి 230 కేజీలు. పాత 90 చెట్లకి కలిపి 270. ఖాళీల్లో అంట్లు వేద్దామని అత్తే అంటోంది, జూన్‌లో వాన పడ్డాక ముప్పై మొక్కలు. మొక్కల కోసం ఒడియాలో దరఖాస్తు రాయాలి, అది గుంట పని.

మావయ్యగారూ, ఇంకోటి చూసిపెట్టండి. అంట్లలో 14వ నంబరు చెట్టు మంచి కాపు కాసింది, ఇప్పుడు ఆకులు పసుపు తిరుగుతున్నాయి. మొదలు దగ్గర బంక కారుతోంది, చిన్న చిన్న రంధ్రాలు, కింద రంపపు పొట్టు లాంటిది పడి ఉంది. ఫోటో పెట్టాను.

మందస_మావ · మే 4, ఉదయం 9:15

కాండం తొలిచే పురుగు. ఆకులన్నీ పసుపైపోతే చెట్టు దక్కదు, నీది ఇంకా మొదట్లోనే ఉంది. పదునైన ఉలి తీసుకో, పొట్టు వచ్చే చోట బెరడు చెక్కి సొరంగం వెంట పో, తెల్లటి పురుగు వస్తుంది, ఇనుప కొక్కెంతో లాగెయ్. బెరడు చుట్టూ పూర్తిగా చెక్కకు. తర్వాత క్లోరిపైరిఫాస్ లీటరుకి 10 మి.లీ. కలిపి ఆ చోటంతా తడిసేలా పుయ్యి, వేళ్ల దగ్గర మట్టి తీసి అక్కడ కూడా. మిగతా చెట్లకి తారూ కిరసనాయిలూ ఒకటికి రెండు పాళ్లు కలిపి నేల నుంచి మీటరు ఎత్తు దాకా పూయించు. ఇవాళే చెయ్యి. ఎన్నొచ్చాయో ఇక్కడ రాయి.

పర్లాకిమిడి_కోడలు · మే 4, సాయంత్రం 6:40

ఆరు. ఒకటి నా చిటికెన వేలంత ఉంది. అత్త కోళ్లకి వేసింది.